రెండు ముక్కల చెరువు

తెల్లారి ఐదున్నరకు పేతురు కంభం చెరువు కట్ట మీద ఉంటాడు. మెడలో కెమెరా, తలకు మఫ్లరు. ఏడున్నర దాకా పిట్టల ఫొటోలు తీస్తాడు. ఎనిమిదికి బజారులో స్టూడియో తలుపు తీస్తాడు. నలభై రెండేళ్లుగా ఇదే వరస. పెండ్లి రోజు కూడా కట్ట మీదినుంచే చర్చికి వచ్చినాడని భార్య రూతమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తది. "బురద కాళ్లతోనే ప్రమాణం చేసినాడు మహానుభావుడు" అంటది.

పిట్ట ఫొటో అంటే కన్ను తేటగా పడాలి. రెక్కలు ఎంత బాగా వచ్చినా కన్ను మసకైతే అది పేతురు లెక్కలో ఫొటో కాదు. వెనకట చించేసేవాడు. ఇప్పుడు చించను కాగితం లేదు గనక చెరిపేస్తాడు.

స్టూడియో తెరవంగానే ముందు చీపురు పట్టాలి. తెర కింద కొంగల రెట్ట పడి ఉంటది. వెనక గోడకు వేలాడే ఆ గుడ్డ తెర మీద వాళ్ల నాయన ఎబినేజర్ రంగులతో కంభం చెరువు వేసినాడు. అసలు చెరువులో నీళ్లు తగ్గిన ఏడాది పిట్టలు వచ్చి తెర మీది చెరువులో దిగుతాయి. నాయన కాలం నుంచీ అంతే. ఫొటో దిగను వచ్చినవాళ్లు నీటికాకి రెక్కలు ఆరబెట్టుకొని పోయేదాకా బెంచీ మీద కూర్చుంటారు. "అన్నా, మా పిల్ల నెత్తి మీద కొంగ కాళ్లు పడకుండా తీయి" అని మాత్రం చెప్తారు.

అయితే పేతురు దగ్గర ఉన్నది సగం తెరే. నాయన పోయినాక అన్నదమ్ములు పంచుకునేటప్పుడు కెమెరా పెద్దవాడు పేతురు తీసుకున్నాడు, ఫొటోలు పెద్దవి చేసే మిషను చిన్నవాడు ఇశ్రాయేలు తీసుకున్నాడు. తెర దగ్గర ఇద్దరూ తగ్గలేదు. కోస్తామంటే ఎవరో ఒకరు వద్దంటారులే అని పాస్టరుగారు కత్తెర తెప్పించినాడు. ఇద్దరూ కొయ్యమన్నారు.

ఎడమ సగం పేతురుది. కొండలు, కట్ట, నీటి అంచున ఒక తుమ్మచెట్టు, దాని మొదట్లో జానెడు నీళ్లు. కుడి సగం ఇశ్రాయేలుది. అంతా నీళ్లే. అతను దాన్ని చుట్టుకొని పోయి బేస్తవారిపేటలో స్టూడియో పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా పేతురు టేపు పెట్టి కొలిస్తే తన సగం రెండు వేళ్లు తక్కువొచ్చింది. కత్తెర పట్టింది ఇశ్రాయేలు. అప్పటినుంచి పంతొమ్మిదేళ్లుగా మాటల్లేవు. రెండు వేళ్లు ఏమంత లెక్క అని అడిగినవాళ్లతో కూడా పేతురు మాట్లాడటం మానేసినాడు.

ఈసారి వానలు ముఖం చాటేసినాయి. క్రిస్మస్ నాటికి చెరువు నడిమధ్యన బర్రెలు మేస్తున్నాయి. ఎర్రకాళ్ల కొంగల జంట ఒకటి తెర మీదికొచ్చి తుమ్మచెట్టు మీద గూడు కట్టింది. మగదానికి కుడికాలి వేలు ఒకటి వంకర. జనవరి చివర మూడు పిల్లలు లేచినాయి. పేతురు కట్టకు పోవడం మానేసి తెర ముందు స్టూలేసుకున్నాడు. రోజూ అదే దూరం నుంచి, అదే వెలుతుర్లో మూడింటికీ ఫొటో తీసినాడు. నిన్నటి ఫొటో పక్కన ఇవాళ్టిది పెట్టి, ఎంత పెరిగినాయో చూసుకున్నాడు.

చెట్టు మొదట్లో జానెడు నీళ్లలో ఉన్న చేపలు పది రోజుల్లో అయిపోయినాయి. పెద్ద కొంగలు రెండూ తలుపులోంచి బయటికి ఎగిరి ఎక్కడినుంచో చేపలు తేవడం మొదలుపెట్టినాయి. ఎక్కడినుంచో రూతమ్మకు తెలుసు. పేతురుకూ తెలుసు. ఒకరోజు ఆడకొంగ పోయి తిరిగి రాలేదు. దోవలో కరెంటు తీగ తగిలిందన్నారు. మగది ఒక్కటే ఎన్నిసార్లని తిరుగుతది?

ఆ వారంలో ఒకనాడు చిన్నపిల్ల కన్ను ఫొటోలో తేటగా పడలేదు. పేతురు లెన్సు తుడిచి మళ్లీ తీసినాడు. మసకే. స్టాండు మీద కెమెరా పెట్టి తీసినాడు. అప్పుడూ మసకే. మిగతా రెండింటి కళ్లు బాగానే ఉన్నాయి. లోపం లెన్సులో లేదు, పిల్ల కన్నే మూతపడుతుంది.

రూతమ్మ పచ్చి చేపలు తెచ్చి గూటి దగ్గర ఆనించి చూసింది. గుడ్డకు నీచు మరక పడింది, అంతే.

"చెట్టు ఇక్కడ, నీళ్లు బేస్తవారిపేటలో. ఎట్ల బతుకుతాయయ్యా?"

"నీళ్లున్నోణ్ణి తెమ్మను."

"వానికేం తెలుసు పిల్లలున్నాయని? వాని తెర మీద చెట్టుందా?"

"నా రెండు వేళ్లు నాకియ్యమను. అప్పుడు చూద్దాం."

"ఆ రెండు వేళ్లు నోట్లో పెట్టుకొని కూర్చో" అని రూతమ్మ చేపల గిన్నె తీసుకొని లోపలికి పోయింది.

మర్నాడు హేమలత వచ్చింది. కంభంలో ఉంటూ బేస్తవారిపేట బ్యాంకులో పనిచేసే పక్కవీధి పిల్ల. "పెదనాయనా, ఇది మీ కొంగేనా చూడు" అని ఫోను చేతికిచ్చింది. ఇశ్రాయేలు స్టూడియోలో దిగిన కుటుంబం ఫొటో. హేమలత, మొగుడు, మామ, వెనక నీళ్లు. మామ భుజం మీద కొంగ. "దానికి నిలబడను చోటు లేదు పాపం. మా మామ కదలకుండా కూర్చున్నాడు."

పేతురు అద్దాలు పెట్టుకొని ఫొటోను పెద్దది చేసినాడు. వేలు వంకరగా ఉంది. నోట్లో చేప ఉంది. ఇంకా పెద్దది చేసినాడు. హేమలత ముఖం కొంచెం మసకే, మామ ముఖమూ మసకే. కొంగ కన్ను మాత్రం కడిగినట్లు పడింది. కంటిలో దుకాణం ట్యూబులైటు గీత కూడా కనబడుతుంది.

"ఫోకసు కన్ను మీద పెట్టినాడు" అన్నాడు పేతురు.

"ఎవరు పెదనాయనా?"

"ఎవరో ఒకరు." ఫోను తిరిగిచ్చినాడు. "నాయన నేర్పింది మరిచిపోలేదు."

ఆమె పోయినాక తెర దించినాడు. వదులుగా చుట్టి, దుప్పటి కప్పి, మెడలో కెమెరా వేసుకొని, చుట్టను నిలువుగా పట్టుకొని బస్టాండుకు పోయినాడు. పడుకోబెడితే పిల్లలు గూట్లోంచి జారిపోతాయి.

బస్సులో కండక్టరు, "పెద్దాయనా, ఆ చాప పైన పెట్టు" అన్నాడు.

"చాప కాదు. పెట్టను."

"లోపల ఏందో కదులుతుంది?"

"మూడు కొంగపిల్లలు."

కండక్టరు దుప్పటి వైపు చూసినాడు. "అర టికెట్టు వయసు కూడా లేదు. అట్లనే పట్టుకో. బ్రేకు పడ్డప్పుడు జాగ్రత్త."

బేస్తవారిపేటలో పేతురు తమ్ముడి గడప తొక్కలేదు. పక్కనే ఉన్న గురుస్వామి టైలరు దుకాణంలోకి పోయినాడు.

"గురుస్వామీ, రెండు ముక్కలు కలిపి కుట్టాల. ఒకటి తెచ్చినా. రెండోది ఎవరి దగ్గరుందో నీకు తెలుసు."

ఆ గొంతు విని ఇశ్రాయేలు పక్క గడపలోకి వచ్చినాడు. జుట్టు తెల్లబడింది. అచ్చం నాయన లాగా నడుం మీద చేయి పెట్టుకొని నిలబడ్డాడు.

"గురుస్వామీ, ఆయన ఎందుకొచ్చినాడంట?"

"గురుస్వామీ, పిల్లలు చస్తున్నాయని చెప్పు."

"ఏం పిల్లలంట?"

గురుస్వామి నోట్లో దారముంది. చెప్పకుండా దుప్పటి కొంచెం తీసి చూపించినాడు. ఇశ్రాయేలు వంగి చుట్ట లోపలికి చూసినాడు. చూసి, లోపలికి పోయి తన సగం దించుకొచ్చినాడు.

బల్ల మీద రెండు అంచులూ దగ్గరికి తెచ్చి గురుస్వామి తల ఊపినాడు. "పేతురన్నా, నీ అంచు మడిచి కుట్టి ఉంది. విప్పకపోతే కలవదు."

"పోగులు లేస్తున్నాయని కోసిన రోజే కుట్టించినా. విప్పు."

గురుస్వామి బ్లేడుతో ఒక్కొక్క కుట్టే తెంపినాడు. మడత తెరుచుకుంది. పంతొమ్మిదేళ్లుగా వెలుతురు తగలని నీలం రంగు అందులో ఇంకా తడిగా ఉంది. గురుస్వామి అలవాటు కొద్దీ టేపు పెట్టినాడు.

"రెండు వేళ్లు. అన్నా, నువ్వు అప్పట్లో కొలిచింది మడిచినాకనా, మడవక ముందా?"

పేతురు టేపు తీసుకొని తానే మళ్లీ పెట్టి చూసినాడు.

"కుట్టింది రూతమ్మ" అన్నాడు.

"అది నేను అడగలేదన్నా."

ఇశ్రాయేలు కావాలంటే నవ్వొచ్చు. నవ్వలేదు. అన్న అంచుకు అంటుకున్న పాత దారం ముక్కలను గోటితో ఏరుతూ ఉన్నాడు.

మిషను మీద కుడితే పిల్లలు అదిరిపోతాయని గురుస్వామి చేత్తోనే కుట్టినాడు. గంటన్నర పట్టింది. బల్లకు అటు అన్న, ఇటు తమ్ముడు గుడ్డ బిగించి పట్టుకున్నారు. ముగ్గురూ కలిసి దాన్ని ఇశ్రాయేలు స్టూడియోలో ఎత్తి కట్టినారు. తెర వెడల్పుకు ఒక గోడ చాలక పక్కగోడకూ తిప్పి, అక్కడి బెంచీ బయట పెట్టాల్సొచ్చింది. చివరి ముడి పడంగానే కుడిపక్క నీళ్లు కుట్టు దాటి, మెల్లగా పాకి, తుమ్మచెట్టు మొదలు తడిపినాయి.

ఖాళీ నోటితో వంకరవేలు కొంగ తలుపులోంచి వచ్చింది. తెరలో దిగి, కుట్టు పక్కన నిలబడి ముక్కు నీళ్లలో పెట్టింది. చేప దొరికింది. నాలుగు అడుగులేసి చెట్టెక్కింది. మళ్లీ దిగింది. మళ్లీ ఎక్కింది. పెద్ద పిల్లలు రెండూ మింగినాయి. చిన్నది ముక్కు తెరవలేదు.

పేతురు కెమెరా తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నమైనా ఆ మూల వెలుతురు చాల్లేదు.

"లైటు ఎత్తు" అన్నాడు, కెమెరా నుంచి తల తీయకుండా.

గురుస్వామి లేవబోయినాడు. అప్పటికే ఇశ్రాయేలు స్టాండు పట్టుకొని ఉన్నాడు.

"చాలునా?"

"ఇంకా ఎత్తు."

"ఇప్పుడు, అన్నా?"

కొంగ నాలుగోసారి గూటి మీద వంగింది. చిన్నపిల్ల మెడ లేచింది, పడింది, మళ్లీ లేచింది.

"కన్ను తెరుస్తుంది" అన్నాడు పేతురు. "కదలకు."

ఇశ్రాయేలు రెండు చేతులూ పైకెత్తి అట్లనే నిలబడ్డాడు.