అందరికీ పదే వచ్చింది

ఆ పిల్ల అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. అదే ఆమె కొంప ముంచింది. లాబ్‌లో అడుగుపెట్టిన మొదటి రోజే, అందరూ హడావిడి అని పిలిచే కుర్రాడు ఆమె పక్కన చేరి, "నీ రైటింగ్ బాగుంటుంది కదా, నువ్వు రీడింగులు రాయి. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. పొగడ్త ఎవరికి చేదు? సరేనంది. అప్పటినుంచి ఆ జట్టులో గాజు సామాను వాళ్లది, పెన్ను ఈమెది. ముత్యాలు అన్న పేరూ స్థిరపడిపోయింది. కెమిస్ట్రీ మేడమ్ ఆమె రికార్డును వేరే క్లాసులకి కూడా పట్టుకెళ్లి చూపించి మురిసిపోయేది. ఇంతా చేసి, ముత్యాలు ఒక్కనాడూ బ్యూరెట్ ట్యాపు తిప్పిన పాపాన పోలేదు.

పరీక్షలు దగ్గరపడ్డాక మేడమ్ పిడుగులాంటి మాట చెప్పింది.

"ఇవాళ జట్లూ గిట్లూ లేవు. ఎవరి ఫ్లాస్కు వాళ్లదే. పరీక్షలోనూ ఇంతే. ఇది చేతకాకపోతే ప్రాక్టికల్ పోయినట్టే."

ముత్యాలు గుండెల్లో రాయి పడింది. పైచదువుకి సైన్సే కావాలని ఇంట్లో అందరితో పోట్లాడి గెలిచిన పిల్ల మరి. ప్రాక్టికల్ పోతే ఆ గెలుపంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఆమ్లం కొలిచి పోసిన ఫ్లాస్కులు తలా నాలుగు పెట్టారు. పైన బ్యూరెట్ అనే నిలువు గాజు గొట్టంలో క్షారం. దాన్ని చుక్కచుక్కగా కిందికి వదలాలి. నీళ్లలా ఉన్న ఆమ్లం లేత గులాబీకి తిరిగి, ఆ రంగు పోకుండా నిలిచినప్పుడు ఆపాలి. అప్పటికి గొట్టంలోంచి ఎన్ని మిల్లీలీటర్లు దిగితే అదే రీడింగు. ఇదంతా ముత్యాలుని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. చేతికే రాదు. ట్యాపు తిప్పింది. బొటబొటా కారిపోయి ఫ్లాస్కంతా బీట్‌రూట్ నీళ్లయింది. రెండోదీ అంతే. ఏడుపొక్కటే తక్కువ.

"ఎందుకలా అవస్థ పడతావ్? పది అని రాసెయ్," అన్నాడు హడావిడి పక్క బల్ల మీంచి గుసగుసగా. "ఎప్పుడూ పదేగా. అందరికీ పదే."

పెన్ను చేతిలోకి తీసుకుంది కూడా. అంతలోనే ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ వాళ్లు చెప్పిందల్లా రాసింది, సరే. ఎదురుగా ఉన్న ఫ్లాస్కు సంగతి కూడా వాళ్లే చెప్పాలా? పెన్ను కింద పెట్టేసింది.

మూడో ఫ్లాస్కుకి ఊపిరి బిగబట్టి ట్యాపుని పసిపిల్ల వేలు పట్టుకున్నట్టు పట్టుకుంది. చుక్క పడ్డచోట గులాబీ మెరిసి మాయమవుతోంది. పది దాటింది. రంగు నిలవలేదు. తనే ఎక్కడో తప్పు చేసి ఉంటాననుకుంది, అయినా ఆపలేదు. పదకొండున్నర దగ్గర ఒక్క చుక్కకి ఫ్లాస్కంతా లేత గులాబీ అయి అలాగే నిలబడిపోయింది. ముత్యాలుకి ఒళ్లు పులకరించింది. ఎంత సంతోషమో! నాలుగోదీ చేసింది. మళ్లీ పదకొండున్నరే. అదే రాసింది.

మేడమ్ కాగితాలు తిరగేసింది. "పది, పది, పది... ఈ పదకొండున్నర ఎవరిదే?"

క్లాసంతా గొల్లుమంది. ముత్యాలు లేచి నిలబడింది.

"నాదే మేడమ్. రెండుసార్లు అంతే వచ్చింది. ట్యాపు పట్టుకోవడం మాత్రం ఇవాళే మొదలు. ఇన్నాళ్లూ రాయడమే నా పని."

మేడమ్ మొహం మాడిపోయింది. ఒక ఫ్లాస్కు తీసుకుని తనే మొదలుపెట్టింది. అందరూ బల్ల చుట్టూ మూగారు. పది దాటింది, పదకొండు దాటింది. పదకొండున్నర దగ్గర గులాబీ నిలిచింది.

"పోయిన వారం పాత సీసా అయిపోతే కొత్త యాసిడ్ కలిపాను. కాస్త ఘాటు ఎక్కువైనట్టుంది. నాకెలా తెలుస్తుంది, అందరికీ పదే వస్తుంటే!" అంది మేడమ్. కోపంగా మొదలుపెట్టిన మనిషి, చివరికొచ్చేసరికి నవ్వాపుకోలేకపోయింది. "ఫ్లాస్కులు కడగండి. అందరూ మళ్లీ మొదటినుంచి."

హడావిడి ఫ్లాస్కు పట్టుకుని ముత్యాలు బల్ల దగ్గరికి మెల్లగా వచ్చాడు. వాడి నడకలో హడావిడే లేదు.

"వారం నుంచి పది దగ్గర నాకు రంగే రావట్లేదు," అన్నాడు తల వంచుకుని. "నాకే చేతకావట్లేదనుకుని నీకు పది అనే చెప్పేస్తున్నా."

"నేనూ అదే అనుకున్నా," అంది వెనకనుంచి ఒక పిల్ల. "నాక్కూడా రాలేదు," అన్నాడు ఇంకొకడు.

ముత్యాలు ఒక్కొక్కరి మొహమూ చూసింది. ఇంతమందీ పక్కపక్కనే నిలబడి, ఎవరికి వాళ్లే తప్పు తమదేననుకున్నారు!

"కొంచెం చేసి పెట్టవా?" అన్నాడు హడావిడి.

"చేసి పెట్టను," అంది ముత్యాలు, వాడి చెయ్యి పట్టుకుని ట్యాపు మీద పెడుతూ. "నువ్వే తిప్పు. రంగు నిలిచేదాకా నీ పక్కనే ఉంటా."