గౌరీశంకర్ పిలిచిన కాకులు

కాకి రాలేదు. ఏటి ఒడ్డున అరిటాకులో పిండం, దాని పక్కన గౌరీశంకర్‌కి ప్రాణమైన గారెలు, మాడుగుల హల్వా ముక్క, అన్నీ ఎండకి ఆరిపోతున్నాయి. చుట్టాలంతా వెనక్కి జరిగి చెరుకు తోట గట్టు మీద నిలబడ్డారు. వాళ్లకి కాస్త ఎడంగా, జేబురుమాలు నెత్తిన వేసుకుని, సుల్తాన్.

చోడవరంలో మిమిక్రీ గౌరీశంకర్‌నీ, అతని జోడీ సుల్తాన్‌నీ ఎరగనివాళ్లు లేరు. ఆదివారం పొద్దున టీవీలో వాళ్ల నవ్వుల కార్యక్రమం వచ్చే రోజుల్లో గౌరీశంకర్ కుక్కయితే సుల్తాన్ పోస్ట్‌మ్యాన్, గౌరీశంకర్ గాడిదయితే సుల్తాన్ ఊరి ప్రెసిడెంటు. కరిపించుకునేదీ, తన్నులు తినేదీ ఎప్పుడూ సుల్తానే. ఊళ్లకి ఊళ్లని నవ్వించిన మనిషి పెద్దకర్మకి ఒక్క కాకైనా తొంగిచూడకపోవడం ఏం న్యాయమండీ!

పోయినవాడికి తీరని కోరికేదో ఉంటే కాకి ముట్టదంటారు. అందుకని ఒక్కొక్కరే ఆకు దగ్గరికి వెళ్లి, చేతులు జోడించి, మాటిచ్చి వస్తున్నారు. కొడుకు రాము అమ్మని బాగా చూసుకుంటానన్నాడు. తమ్ముడొచ్చి మనవరాలి చదువు సంగతి తనకి వదిలెయ్యమన్నాడు. అయినా కాకి జాడ లేదు.

"ఏట్లో కలిపేద్దాం తల్లీ. శాస్త్రం ఒప్పుకుంటుంది," అన్నారు పంతులుగారు.

"నాను ఒప్పుకోను," అంది గౌరీశంకర్ భార్య అచ్చియ్యమ్మ. పొద్దున్నుంచీ ఆమె గొంతులో చుక్క నీళ్లు పడలేదు. "కాకి ముట్టేదాకా నానేటీ ముట్టను. ఆయనకి నా మీదే కోపం."

సుల్తాన్ దగ్గరికొచ్చాడు. "ఏటి వదినా ఆ మాటలు?"

"పక్షవాతమొచ్చి నోరు పడిపోయేక కూడా జనం వచ్చీవోరు కదా బాబూ, కుక్కలాగ మొరగమని, మేకలాగ అరవమని. ఈయన అరవబోతే సొంగ కారేది. పిల్లగుంటలు నవ్వీవోరు. సూడలేక తలుపేసీసేను. మరెవుల్నీ రానివ్వలేదు. జనం లేకపోతే ఆయన బతకలేడని తెలిసీ ఏసేను. నానే సంపేసేను."

ఆ తలుపు ముందు నుంచి ఒకసారి సుల్తాన్ కూడా వెనక్కి తిరిగాడు. ఆనాడు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడామె మొహం చూస్తుంటే గుండె తరుక్కుపోయింది. ఇవాళ కాకి ముట్టకపోతే ఈ మనిషి బతికినన్నాళ్లూ ఇదే మాట తవ్వుకుంటూ కూర్చుంటుంది.

మేనల్లుడు అనిల్‌కుమార్ ఫోన్ పట్టుకుని ముందుకొచ్చాడు. "అత్తా, మావయ్య కాకి అరుపు యూట్యూబులో ఉంది. స్పీకరు కారులోనే ఉంది. పెట్టమంటావేటి?"

పంతులుగారు మొహం చిట్లించారు. అచ్చియ్యమ్మ మాత్రం, "పెట్టు బాబూ. ఆయన్నే పిలవనీ," అంది.

గౌరీశంకర్ గొంతు ఏటి మీద కావుమంది. ఎన్నాళ్లకో విన్న మొగుడి గొంతు! అచ్చియ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సుల్తాన్ గుండె మాత్రం గతుక్కుమంది. అయ్యో, ఇది కాదు! ఇది కరెంటు తీగ తగిలి కాకి చచ్చిపోయే స్కిట్టులోది. సుల్తాన్ లైన్‌మ్యాన్ వేషంలో స్తంభమెక్కి, కాకులు పొడుస్తుంటే దిగలేక గింజుకుంటాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ అరుపు కోసం గౌరీశంకర్ బస్టాండు దగ్గర చచ్చిన కాకి చుట్టూ మూగిన కాకుల మధ్య పూటంతా నిలబడ్డాడని సుల్తాన్‌కి తప్ప ఎవరికి తెలుసు?

"ఆపరా, ఒరే! ఆపు!" అని అరిచాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

తోటల మీంచి, తాటిచెట్ల మీంచి, రోడ్డు వైపు నుంచి కాకులు లేచాయి. ఇన్ని కాకులు ఇంకా ఉన్నాయా ఈ ఊళ్లో అనిపించింది. "వచ్చేయి! వచ్చేయి!" అని గట్టు మీద గోల. కాకులు నెత్తి మీద గుండ్రంగా తిరిగాయి, తాటి మట్టల మీద వాలాయి, గొంతులు పగిలేలా అరిచాయి. ఆకు దగ్గరికి ఒక్కటీ రాలేదు. తోటి కాకి చావు దగ్గర మెతుకు ముట్టేటట్టు లేవు. గోల మెల్లిగా చల్లారింది.

"ముట్టవేటి?" అన్నాడు రాము. అందరూ అచ్చియ్యమ్మ వైపు చూశారు.

సుల్తాన్‌కి ఓ అబద్ధం నోటి దాకా వచ్చింది. ఆమె ముందు మనసొప్పలేదు. "తప్పు జరిగిపోయింది వదినా. అది పిలుపు కాదు. తోటి కాకి సచ్చిపోతే కాకులు ఏడిసే ఏడుపు. ఇవి తిండికి రాలేదు."

అచ్చియ్యమ్మ తలెత్తి కాకుల వైపు చూసింది.

"ఏడవడానికొచ్చేయా?"

"అవును వదినా."

"ఇన్నా?"

సుల్తాన్ తలూపాడు.

"ఆయన కోసం ఎవులూ రాకుండా సేసేననుకున్నాను బాబూ," అంది ఆమె. కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. "కాసిన్ని మంచినీళ్లియ్యి."

సుల్తాన్ సీసా అందించాడు. మొహం ఎటో తిప్పుకున్నాడు. అచ్చియ్యమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"నువ్వూ ఏడు బాబూ," అంది. "ఇక్కడెవులూ నవ్వరు."

సుల్తాన్ ఆ ఇసుకలోనే కూలబడి బావురుమన్నాడు.