తలతో కొట్టొద్దు

ఫిన్‌బార్ టూమీ గార్లదిన్నె దగ్గరి ఫుట్‌బాల్ మైదానానికి మొదట వచ్చింది మూడు నెలల కోసమే. ఐర్లాండు దేశంలో కార్క్ అనే ఊరు ఆయనది. పదహారేళ్లకే ఇల్లు వదిలి ఇంగ్లండు పోయాడు. అక్కడ పెద్దగా పేరులేని జట్లలో, ఒక జట్టు వదిలేస్తే ఇంకో జట్టులో, ముప్పై అయిదేళ్లు నిండేదాకా గోలు పడకుండా కాచే డిఫెండర్‌గా ఆడాడు. ఒకే ఒక్కసారి ఐర్లాండు జట్టులోకి పిలుపు వచ్చింది. ఆ మ్యాచంతా పక్కనున్న బెంచీ మీదే కూర్చున్నాడు. ఎవరూ లేవమనలేదు, మళ్లీ పిలవలేదు. మోకాలు పాడై ఆట మానేశాక కొన్నాళ్లు లారీ నడిపాడు, కొన్నాళ్లు తాగాడు. భార్య విడిచిపోయింది. అనంతపురం పక్క కూలీల పిల్లలకు ఆట నేర్పే ఒక ట్రస్టు కోచ్ కోసం వెతుకుతుంటే ఆ పనికి ఒప్పుకొని వచ్చాడు. మూడు నెలలు గడిచాయి. ఆయన పోలేదు.

ఆ పేరుకు నోరు తిరగక ఊళ్లోవాళ్లు బారన్న అన్నారు. విరిగి విరిగి ఒక పక్కకు వాలిపోయిన ముక్కు, ఎండకు కమిలి ఎప్పుడూ ఎర్రగా ఉండే మెడ. పిల్లల దగ్గరే తెలుగు నేర్చుకున్నాడు కాబట్టి పిల్లల్లాగే మాట్లాడేవాడు.

ఆయన దగ్గర ఆట నేర్చుకున్న ఆడపిల్లల్లో ఎస్తేరు ఒకతె. మైదానం పక్క పల్లె వాళ్లది. నాయన యేసన్న, అమ్మ చౌడమ్మ ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. మిగతా పిల్లలందరూ గోలు కొట్టడానికి ముందుకు పరిగెత్తుతుంటే ఎస్తేరు వెనక నిలబడి వచ్చినవాళ్లను వచ్చినట్టు ఆపేది. అది చూసి బారన్న ఆమెను పక్కకు పిలిచాడు.

"గోల్ కొట్టేవాళ్లను అందరూ చూస్తారు. నిన్ను ఎవరూ చూడరు. సరేనా?"

"సరే సార్."

"నేనూ అట్లనే ఆడినా," అని నవ్వాడు.

మైదానం చివర వేపచెట్టు కొమ్మకు బంతి వేలాడదీసి, ఎగిరి నుదుటితో కొట్టడం నేర్పాడు. కళ్లు మూయొద్దనేవాడు, బంతి వచ్చేదాకా ఆగకుండా నువ్వే పోయి అందుకో అనేవాడు. ఎస్తేరు పెద్ద పొడగరి కాదు. కానీ ఎగిరిందంటే ఆమె పైనుంచి బంతి పోయేది కాదు. సాయంత్రాలు అందరూ వెళ్లిపోయాక కూడా ఆమెను ఉంచి కొట్టించేవాడు. తల దిమ్మెక్కితే నీళ్లు తాగమని చెప్పి మళ్లీ కొట్టించేవాడు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఎస్తేరు జట్టుకు కెప్టెన్ అయింది. బెంగళూరులో ఒక మహిళల క్లబ్బు ఆమెను తమ జట్టుకు ఎంపిక చేసే ట్రయల్స్‌కు రమ్మంది.

ఆయనలో మార్పు వచ్చింది ఆ రోజుల్లోనే. తాగిన టీ మళ్లీ అడిగేవాడు. విజిల్ మెళ్లో వేసుకొని విజిల్ కోసం గదంతా వెతికేవాడు. వయసు అనుకున్నారు అందరూ, ఇంకా అరవై కూడా నిండకపోయినా.

మడకశిరలో మ్యాచ్ జరిగినప్పుడు విరామంలో ఆయన అమ్మాయిలను ఎప్పుడో తనతో ఆడినవాళ్ల పేర్లతో కెవిన్, లియమ్ అని పిలిచాడు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. మ్యాచ్ అయ్యాక అందరూ తమ బస్సు ఎక్కుతుంటే ఆయన స్టాండులో ఉన్న పావగడ బస్సెక్కి కూర్చున్నాడు. సహాయ కోచ్ ఓబులేష్ పరిగెత్తిపోయి దించాడు.

"యాడికి సార్?"

"ఇంటికి. అమ్మ చూస్తాంటుంది," అన్నాడు బారన్న.

ఓబులేష్, ఎస్తేరు కలిసి ఆయనను బెంగళూరులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ, తలకు ఎప్పుడైనా దెబ్బలు తగిలాయా అని అడిగింది.

"దెబ్బలా? నా ఉద్యోగమే అది," అన్నాడాయన.

మెదడు కుంచించుకుపోతోందని ఆమె చెప్పింది. ఏళ్ల తరబడి తలతో బంతి కొట్టినవాళ్లలో కొందరికి ఇలా వస్తుందని, ఈయనకు అదే కారణమని మాత్రం ఖాయంగా చెప్పలేనని అంది. ఇక తగ్గేది ఉండదు, పెరగడమే.

తిరుగు రైల్లో బారన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. హిందూపురం దాటాక ఎస్తేరు వైపు తిరిగి, ఆమె నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు.

"నీతో ఎన్ని బంతులు కొట్టించినా?"

"తెల్దు సార్."

"నాకూ తెల్దు," అంటూ ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. బోగీలో వాళ్లంతా చూశారు. "తలతో కొట్టొద్దు. ఇంక ఎప్పుడూ కొట్టొద్దు. మాట ఇయ్యి."

ఎస్తేరు మాట ఇచ్చింది.

మరునాడు ఆయనే వేపచెట్టుకున్న తాడు కోసేసి, పిల్లలెవరూ బంతికి తల పెట్టకూడదన్నాడు. ఈ సంగతి తెలిసి ట్రస్టు పెద్ద మల్లికార్జునయ్య అనంతపురం నుంచి వచ్చాడు. బట్టల వ్యాపారి. చెడ్డవాడు కాదు.

"ఏమప్పా ఓబులేషూ, తల వాడకుండా మ్యాచులు ఎట్ల గెలుస్తారు? అది పక్కనపెట్టు. ఈయన్ని ఈడ ఎవరు చూసుకుంటారు?"

"నేను చూసుకుంటా సార్," అంది ఎస్తేరు.

"నీకు ట్రయల్స్ ఉండాయి కదమ్మా. పో, ఆడుకో."

మల్లికార్జునయ్య ఐర్లాండులో ఉన్న బారన్న తమ్ముడికి కబురు పంపించాడు.

ఎస్తేరు బెంగళూరు వెళ్లింది. ట్రయల్స్‌లో మొదటి సగం బాగా ఆడింది. ఆమెను దాటి ఎవరూ రాలేకపోయారు. తర్వాత మైదానం మూల, కార్నర్ నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. ఎక్కడ పడుతుందో ఆమెకు తెలుసు. మడమలు నేల విడవబోయి ఆగిపోయాయి. వెనకనున్న పిల్ల ఎగిరి తలతో గోలు కొట్టింది. కాసేపటికి అట్లాంటి బంతే ఇంకోటి వచ్చింది. మళ్లీ అదే జరిగింది.

అక్కడి కోచ్ ఆమెను బయటికి పిలిచి, "భయమా?" అని అడిగాడు.

"కాదు సార్. మాట ఇచ్చినా."

అతనికి అర్థం కాలేదు. బయట కూర్చున్న వేరే అమ్మాయిని లేవమన్నాడు.

ఎస్తేరు తిరిగి వచ్చేసరికి బారన్న తమ్ముడు వచ్చి ఉన్నాడు. గదిలో పెట్టె సర్దుతున్నాడు. మంచం మీద కూర్చున్న బారన్న ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. ముఖమంతా వెలిగింది.

"ఎస్తేరూ! ట్రయల్ ఏమాయ?"

ఆయన తనను గుర్తుపట్టినందుకే ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి. "కార్నర్ బంతి వచ్చింది సార్. నేను ఎగర్లేదు. గోలు పడింది."

"ఎందుకు ఎగర్లేదు?"

"మీరే వద్దన్నారు కదా సార్."

"నేనా?" ఆయన లేచి నిలబడ్డాడు. మెడ ఇంకా ఎర్రబడింది. "నేను ఎందుకు అంటా? బంతికి భయపడేది డిఫెండరా? ఇన్నేళ్లు నీకు నేర్పింది ఇదేనా?"

గుమ్మంలో ఉన్న ఓబులేష్ లోపలికొచ్చాడు. "సార్, రైల్లో మీరే చెప్పినారు. నేనూ విన్యా."

ఇద్దరూ కూడబలుక్కొని తనను మోసం చేస్తున్నట్టు ఆయన వాళ్లను మార్చి మార్చి చూశాడు. "అబద్ధం," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తమ్ముడు ఏదో అడిగితే చెయ్యి విదిలించాడు.

మరునాడు పొద్దున పిల్లలందరూ ఆయనను తీసుకుపోయే కారు దగ్గర వరుసగా నిలబడ్డారు. బారన్న ఒక్కొక్కరితో చెయ్యి కలుపుతూ వచ్చాడు. ఎస్తేరు దగ్గరా ఆగి, కొత్తవాళ్లతో కలిపినంత మర్యాదగా చెయ్యి కలిపి, ముందుకు జరిగాడు. ఇంకా కోపంగా ఉన్నాడో, తనను మరిచేపోయాడో ఆమెకు తెలియలేదు. ఏది మేలో కూడా తెలియలేదు.

క్లబ్బు నుంచి పిలుపు రాలేదు. నెల తిరక్కుండా మైదానానికి కొత్త కోచ్ వచ్చి, తలతో కొట్టడం మళ్లీ మొదలుపెట్టించాడు. వద్దని ఎస్తేరు పిల్లలకు చెప్పబోతే ఓబులేష్ ఆమెను పక్కకు తీసుకెళ్లి, "నా ఉద్యోగం పోతాది పాపా," అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఆమె మైదానానికి పోలేదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊళ్లో వేరుశనగ చేలన్నీ కాయ పట్టకుండానే ఎండాయి. గొర్ల మేతకైనా పనికొస్తుందని రైతులు ఎండిన వేరుశనగ చెట్టు పీకిస్తున్నారు. ఎస్తేరు అమ్మతో కలిసి ఆ పనికి పోతోంది. ఒకరోజు చేలో ఉండగా ఓబులేష్ ఫోన్ చేశాడు. బారన్నను వాళ్ల దేశంలో రోగులను చూసుకునే ఒక హోములో చేర్పించినారంట, మాట పడిపోయిందంట, అన్నం నోటికి పెడితేనే తింటాండాడంట.

"సరే అన్నా," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

"ఎవురు పాపా?" అంది చౌడమ్మ.

"ఓబులేష్ అన్న. బారన్న సంగతి చెప్పినాడు."

"ఎట్లుండాడంట?"

"అట్లనే ఉండాడంట."

చౌడమ్మ మళ్లీ వంగి పనిలో పడింది. ఎస్తేరు చేని మధ్య నిలబడిపోయింది. ముందున్న సాళ్లన్నీ ఒకే తీరున ఎండి ఉన్నాయి. ఫోన్ రాకముందు తాను ఏ సాలులో ఉందో ఎంత ఆలోచించినా తట్టలేదు. అరచెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది.

"అమ్మా, నేను ఏ సాలు పీకుతాంటి?"

చౌడమ్మ తలెత్తకుండానే చెయ్యి చాపి చూపించింది.