బోదకాలు మొక్కలకు నీళ్ళు పోసిన డబ్బా

నేను ఒక రేకు డబ్బాను, మొక్కలకు నీళ్ళు చల్లేదాన్ని. రాజమండ్రిలో ఒక రేకుల పనివాడు నన్ను కత్తిరించి, అతికించి, మూతికి జల్లెడ బిగించి, కడియంలోని ఒక నర్సరీకి ఇచ్చాడు. అక్కడ నన్ను మోసింది నూకరత్నం. ఆమె కుడికాలికి బోదకాలు. ఆ కాలీడ్చుకుంటూనే వరసలన్నీ తిరిగేది.

ఆ తోటలో నేను లోకాన్నంతా చూశాను. వాన తెరిపివ్వని అడవుల మొక్కలు ఆకుల కొసలు మొనదేల్చి నీళ్ళు జార్చేసేవి. మంచుకొండల చెట్టు సూదుల్లాంటి ఆకులతో మంచు నిలవకుండా చూసుకునేది. ఎడారి జెముడు ఆకునే ముల్లుగా మార్చుకుంది. దేవుడు ఒకచోట కుండపోతగా కురిపించి, మరోచోట చుక్కైనా రాల్చడెందుకని నాకు సందేహం. కానీ ఆ చుక్కలేని చోట ఆయన పెట్టిన తెలివి చూస్తే, చేతులుంటే దండం పెడుదును గదా అనిపించేది.

ఒక ఏడాది లారీలో నలభై ఎడారి గులాబీలు దిగాయి. అన్నిటికీ మొదళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నీ చుట్టాలొచ్చారే నూకరత్నం! ఆళ్ళందరిదీ నీ కాలే!" అని తోటి కూలీలు నవ్వారు.

"రోగమొచ్చినోళ్ళని ఇంకాస్త ఎక్కువ చూసుకోవాలమ్మా" అంటూ ఆమె రోజుకు రెండుసార్లు వాటిని తడిపింది. నేనూ పుణ్యమనుకునే పోశాను.

పదిహేను రోజులకు ఆకులు పండి రాలాయి. ఆరు మొక్కలు మొదళ్ళు కుళ్ళి వాలిపోయాయి. యజమాని బుల్లియ్య గారు వచ్చి చూశారు. "మిగతావీ పోయాయంటే నువ్విక పనిలోకి రానక్కర్లేదు."

నూకరత్నం వాలిన మొక్కను కత్తితో చీల్చింది. కుళ్ళని భాగంలో దోసకాయలా నీరు నిండిన కండ. దాన్ని బుల్లియ్య గారి ముందు పెట్టింది.

"ఇది కాలు కాదండీ, కడవ! వానల్లేని చోట దాచుకున్న నీళ్ళండీ. నిండు కడవలో పోశానండీ నేను."

"ఇప్పుడేం చేస్తావ్?"

"ఆయ్, ఇక నీళ్ళు పొయ్యనండి. అదే వైద్యం."

ముప్పై నాలుగింటినీ ఇసుక కలిపిన మట్టిలోకి మార్చి ఎండలో పెట్టింది. పొద్దున్నే అలవాటుగా ఆమె చెయ్యి నా పిడి మీదికి వచ్చేది, వెనక్కి పోయేది. "వైద్యురాలు గారూ, ఇయ్యాల కూడా లంకణమేనా?" అని కూలీలు ఎగతాళి చేసేవారు. ఇరవయ్యో రోజున మోడు కొమ్మల మీద పచ్చటి చిగుళ్ళు కనిపించాయి. బుల్లియ్య గారు ఒక్కొక్కదాన్నీ వంగి చూసి, "ఎడారి మొక్కల వరసలన్నీ ఇక నీవే" అని వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా అడుగు తుప్పుపట్టి, పాకవెనక పాత ఇనుములో పడి ఉన్నాను. నీళ్ళు మోసిన రోజులు కలిసిపోయి ఒక్కటిగా తోస్తాయి. ఆ మొక్కల దగ్గర ఖాళీగా కూర్చున్న ఇరవై రోజులు మాత్రం విడివిడిగా గుర్తున్నాయి.