ఒక విస్తరి, రెండు టెంకలు

"బాగానే ఉంది గానీ, ఏం జరిగిందో ఎక్కడా చెప్పలేదేంటి?" అన్నారు మా ఆయన.

నేను బెండకాయలు తరుగుతున్నాను. ఆయన చేతిలో నా కథ ఉంది. వారపత్రిక పోటీకి రాసిన మొదటి కథ. ఇవాళ పోస్టులో వెయ్యకపోతే గడువు దాటిపోతుంది.

అణుయుద్ధం అయిపోయాక మిగిలిన ఊరి గురించి రాశాను. మనుషుల్లేరు. మామిడితోటలో రసాలు రాలి కుళ్ళుతున్నాయి, ఏరేవాళ్ళు లేరు. ఒక ఇల్లు, వంటింట్లో నేలమీద ఒక విస్తరి. అందులో రెండు మామిడి టెంకలు: ఒకదానికి కండ ఇంకా ఉంది, రెండోది పీచు తెల్లబడేదాకా చీకి ఉంది. అంతే కథ. బాంబు అన్న మాట కూడా రాయలేదు. ఆ వంటిల్లు చూస్తే తెలుస్తుందనుకున్నాను.

"పాఠకులకి విప్పి చెప్పాలి రాజేశ్వరీ." హైస్కూల్లో తెలుగు మాస్టారు కదా, ఎర్రపెన్ను తీసి చివర ఒక పేరా రాసి చదివారు. "సర్వమూ నశించెను. ఆ గృహమున ఒంటరి పురుషుడొకడు నివసించెడివాడు. రెండు ఫలములారగించి అతడును కన్నుమూసెను."

"ఒంటరివాడని ఎలా తెలిసిందండీ?"

"నువ్వే రాశావుగా ఒక్కటే విస్తరి అని! ఇల్లాలుంటే రెండుండవూ?"

బెండకాయ వదిలేసి కత్తిపీట పక్కకి వాల్చాను. కాపరానికొచ్చిన రోజునే మా అత్తగారు సూర్యకాంతం గారు చెప్పారు, "మొగుడు తిన్న విస్తట్లోనే తినాలమ్మా, మనింటి ఆచారం" అని. పదకొండేళ్ళు. ఆయన తిని, చెయ్యి కడుక్కుని వరండాలోకి వెళ్ళిపోతారు. అప్పుడు నేను కూర్చుంటాను. ఆయన నమిలి వదిలిన ములక్కాడ పక్కకి నెడతాను. మంచిపళ్ళు వాళ్ళిద్దరికీ పెట్టాక మిగిలిన మచ్చకాయ నాది. ఆయన వదిలేసినవి చూసి, బళ్ళో ఎవరిమీద కోపమొచ్చిందో చెప్పగలను. ఆయన మాత్రం లేచాక ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. ఏడుపొచ్చింది. పక్కన మనిషుండగా ఇంత ఒంటరిగా ఎలా బతికానా అనిపించింది.

ఆయన బడికెళ్ళాక, "తర్వాత ఆమె తిన్నది" అని ఒక్క వాక్యం కలుపుదామని కూర్చున్నాను. పెరట్లో కనకమ్మ అంట్లు తోముతోంది. పొద్దున్నంతా రెడ్డిగూడెం తోటల్లో కాయలు మోసి వచ్చింది. నేను మొదట రాసినంతవరకే కథ చదివి వినిపించాను.

కనకమ్మ గిన్నె పక్కన పెట్టింది. "పాపం, ఆయమ్మకి పండు చాల్లేదు కాబోలండీ," అంది.

"ఏ అమ్మకి?"

"అదేంటమ్మగారూ! ఆయన తిన్నాక తిన్న ఆవిడికి."

ఆ వాక్యం కలపలేదు. ఎర్రసిరా పేరా చింపేశాను. అత్తగారు "ఈ ఎండలో ఎక్కడికి?" అని అరుస్తున్నా వినకుండా నేనే వెళ్ళి పోస్టులో వేసొచ్చాను.

సాయంత్రం ఆయన కాఫీ తాగుతూ అడిగారు. "నా పేరా కలిపావా?"

"లేదండీ. కనకమ్మకి చదివితే, వివరించక్కర్లేకుండానే తెలిసింది."

నవ్వారు. "అంట్లు తోమే మనిషికి అర్థమైతే చాలా?"

"చాలు. అర్థం కానిది మీకొక్కరికే. మీకు విప్పే చెప్తాను." ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన ముందు అలా కూర్చోవడం అదే మొదలు. "ఆ ఇంట్లో ఆడది ఉందండీ. నేనే. రేపట్నుంచి మీ విస్తట్లో తినను."