గుంజితే ఇవ్వని ఒర

నేను ఒక తోలు ఒరను. కత్తికి తొడుగును. ఇలా చెప్పగానే మీ కళ్లు కత్తి కోసం వెతుకుతాయని నాకు తెలుసు. అందరూ అంతే. పదునెంత, పిడి ఏ కర్రది, ఏ కమ్మరి కొట్టాడు అని అడుగుతారే తప్ప, దాన్ని పొద్దస్తమానం కడుపులో మోసేదాని ఊసు ఎవడూ ఎత్తడు. ఎత్తకపోతే మానె, నాకేం తరుగు? కానీ ఒక మనిషి ప్రాణం నా మూతి దగ్గర ఆగిన రోజు ఒకటుంది. అది చెప్పడానికే నోరు విప్పాను. మీ జాలి నాకక్కర్లేదు.

నేను మొదట ఒక బర్రె వీపును. ఆ బర్రె ఉన్నన్నాళ్లూ దాని పాలు తాగినవాళ్లే, అది చచ్చాక ముక్కు మూసుకుని దూరం జరిగారు. తోలు ఒలిచింది, సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు గీకింది, తంగేడు చెక్క కలిపిన తొట్టిలో ముంచి పదును చేసింది వేరే వాడలోని మనుషులు. వాళ్లలో ఒకామె సాయవ్వ. మొగుడు పోయాక అతని ఆరె, రంపె తానే పట్టింది. తోలుకు బొక్కలు పొడిచేది ఆరె, తోలు కోసేది రంపె. ఈ రెండింటికంటే ఆమె నోరే పదునని అంగడిలో అందరూ అనేవారు. అన్నవాళ్లకు తెగిన చెప్పులుంటాయి కాబట్టి ఆమెకు వినపడకుండా అనేవారు.

ఒక అంగడి రోజున, ఆమె గొడుగు పాతుకుని కూర్చునే చోటికి అంజాగౌడ్ వచ్చి నిలబడ్డాడు. తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. చెట్టెక్కేటప్పుడు రెండు చేతులూ ఒంటికీ చెట్టుకూ చుట్టిన మోకు మీదే ఉండాలి కాబట్టి గీత కత్తి నడుముకే ఉండాలి. పాత ఒర పిగిలిపోయిందట, కొత్తది కావాలట. కత్తి ఇచ్చిపొమ్మంది సాయవ్వ. ఇవ్వనన్నాడు. తన కత్తిని ఇంకో చేయి ముడితే చెట్టు అలుగుతుందని అతని నమ్మకం. ఇక ఆ ముట్టే చేయి సాయవ్వది అయితే ఎంత అలుగుతుందో అతను నోటితో చెప్పలేదు, మొహంతో చెప్పాడు.

సరే, తోలు పరిచింది. అతను కత్తిని దాని మీద పెట్టి వేలితో అదిమి పట్టుకుంటే, ఆమె కత్తికి తగలకుండా చుట్టూ బొగ్గుతో గీత గీసింది. రంపెతో కోసింది. నడిమికి మడిచి, కత్తి అంచు వచ్చే వైపు రెండు పొరల మధ్య సన్నటి తోలు పట్టీ ఒకటి ఇరికించింది. అది లేకపోతే అంచు లోపలి నుంచి కుట్లను తినేస్తుంది. ఆరెతో పొడిచి, మైనం పూసిన దారాన్ని రెండు సూదులతో అటునుంచీ ఇటునుంచీ లాగుతూ కుట్టింది. నన్ను పొడిచిన ప్రతి పోటూ నాకు గుర్తుంది. వెనక వైపు నడుంపట్టీ దూరేటంత తోలు ఉంగరం కుట్టి, చివరకు నన్ను నీళ్లలో ముంచి తీసింది. తడి తోలులో కత్తి పెట్టి ఒత్తి ఆరబెడితే తోలు ఆ కత్తి ఆకారమే పట్టేస్తుంది. కుట్టుపనిలో ఆఖరి మెట్టు అదే.

నన్ను అతని ముందుకు చాపింది. అతను చేయి చాపలేదు.

"కింద పెట్టు. నేను తీసుకుంట," అన్నాడు.

ఆమె నన్ను తన ముందున్న రాయి మీద పెట్టింది. పెట్టి, అంది: "బర్రె తోలు నడుముకు కట్టుకుంటవ్ గనీ, దాన్ని కుట్టిన చెయ్యి ముట్టవా గౌడా?"

అతను వినిపించుకోనట్టు పొద్దుపోతోందని సణిగాడు. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. తడి ఒరలో కత్తి పెట్టేముందు దానికి నూనె రాసి ఒక పాత గుడ్డ చుట్టాలి. ఆరాక గుడ్డ తీసేస్తే ఆ మందం మేర లోపల వదులు మిగులుతుంది, కత్తి సులువుగా వస్తుంది. అది ప్రతి ఒరకూ చేసే పని. గుడ్డ సాయవ్వ ఒడిలోనే ఉంది. ఆమె దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని, "పెట్టు కత్తి. రేపటిదాక తియ్యకు," అంది. అతను వట్టి కత్తినే నాలోకి తోశాడు. ఆమె చింత కర్రతో నన్ను చుట్టూ ఒత్తి ఒత్తి, ఆ కత్తి ఒంటికి అంటించేసింది. నా పుట్టుక అదీ. ఒకరి మీద ఒకరికున్న కసిలో పుట్టాను. నాలో మెత్తదనం వెతక్కండి.

మర్నాడు చెట్టు మీద జరిగిన భాగవతం మీరు చూడాల్సింది. కొసకెక్కి, మోకుకు ఆనుకుని, కత్తి కోసం చెయ్యేసి గుంజాడు. నేను వదల్లేదు. మళ్లీ గుంజాడు. మోకు ఊగింది. నన్ను తిట్టాడు, సాయవ్వను తిట్టాడు, ఆ బర్రెను కూడా తిట్టాడు. వట్టి చేతులతో దిగి, మండిపడుతూ తిన్నగా ఆమె దగ్గరకు పోయాడు.

సాయవ్వ తల కూడా ఎత్తలేదు. ఎవరిదో చెప్పు కుడుతూనే చెప్పింది: "కోపంతోటి గుంజితే రాదు. బొటనేలు దాని మూతి మీద ఆనిచ్చి, కత్తిని కొంచెం కిందికి ఒత్తి, మెల్లగ లేపు. అదే వస్తది."

ఎగతాళికే అంది. కానీ అది నిజం. అతను అక్కడే నిలబడి చేసి చూశాడు. వెన్నలోంచి వచ్చినట్టు వచ్చింది. అతనికి ఇంకా మంటెక్కింది.

అలా మా కాపురం సాగింది. నాకు ఆ కత్తి అంటే పడదు. చల్లగా, నూనె ఓడుతూ, ఊరంతా తననే మెచ్చుకుంటుందని మిడిసిపాటు. దానికీ నేనంటే పడదు. కానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మిగతా గీత కార్మికుల కత్తులు ఎప్పుడో ఒకప్పుడు చెట్టు మీద నుంచి జారి పడ్డాయి. అంజాగౌడ్ కత్తి ఒక్కసారీ పడలేదు. అందుకు అతను తన చేతి పనితనాన్ని పొగుడుకున్నాడు. మనుషుల సంగతి నాకు కొత్తా?

ఇక అతని తమ్ముడు మొగులయ్య. అతనూ చెట్లెక్కేవాడే, ఎడమచేతివాటం. ఏటా గీసేవాళ్లంతా చీటీలు వేసి చెట్లు పంచుకుంటారు. ఆ ఏడు వాగు ఒడ్డు వరస, అన్నిటికంటే బాగా కల్లు పారే చెట్లు, అన్నకు వచ్చాయి. చీటీ తీయడంలో అన్న మోసం చేశాడని తమ్ముడు పట్టుబట్టాడు. మాటలు ఆగిపోయాయి. వాకిట్లో ఎదురుపడితే ఇద్దరూ చెరో పక్కకు ఉమ్మేవారు.

ఒకనాటి పొద్దున్నే అంజాగౌడ్ వాగు ఒడ్డున మొదటి చెట్టెక్కాడు. కల్లు కారే పూగొలను రోజూ పల్చటి పొర తీసినట్టు చెక్కాలి. అతని కడుపు నిండేది ఆ పల్చటి పొర మీదే. పైకి పోయి చూస్తే గొల మొదలంటా నరికి ఉంది. పక్క గొలా అంతే. రెండో చెట్టూ అంతే. ఇక ఆ ఏడాదికి అవి పారవు. నరికిన గాటు ఎడమకు వాలి ఉంది. ఊళ్లో ఆ వాలుతో కోసే చేయి ఒక్కటే.

అతను అరవలేదు. కత్తిని నాలో పెట్టాడు, దిగాడు, నడిచాడు. అతని నడుం వేడి నాకు తగులుతూనే ఉంది. ఈ మనిషి ఇవాళ తమ్ముణ్ణి చంపుతాడు అని నాకు తెలిసిపోయింది. నాకు తెలిసి ఏం లాభం? తోలుకు కాళ్లున్నాయా, అడ్డం పోవడానికి?

మొగులయ్య కల్లు అమ్మే మండువా దగ్గర, రెండు చేతులతో లొట్టి కుండ వంచి తాగేవాళ్లకు పోస్తున్నాడు. అంజాగౌడ్ వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. గొలలు నువ్వే నరికావా అని అడిగాడు.

"నేనే నరికిన. నాకు రానిది నీకూ రావద్దు. ఏం జేస్తవో జేస్కో," అన్నాడు మొగులయ్య. లొట్టి దించలేదు.

అంజాగౌడ్ చెయ్యి నా మీద పడింది. గుంజాడు. నేను ఇవ్వలేదు. గుంజాడు. నడుంపట్టీ పక్కటెముకల దాకా లేచింది. మూడోసారి గుంజితే నా మూతి దగ్గర కుట్లు పటపటమని తెగాయి. అయినా కత్తి రాలేదు. తాగేవాళ్లు ఆపడానికి రాలేదు, ముందు తమ సీసాలు పక్కకు జరుపుకున్నారు. మొగులయ్య వెనక దారి ఖాళీగానే ఉంది. పారిపోవచ్చు, పోలేదు. అన్న చేతినే చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు అంజాగౌడ్‌కు గుర్తొచ్చింది. బొటనవేలు తెచ్చి నా మూతి మీద ఆనించాడు. ఇక నా చేతిలో ఏమీ లేదు. అలా అడిగితే నేను ఇచ్చేస్తాను, నన్ను కుట్టిందే అలా. అతను కొంచెం కిందికి ఒత్తాడు. మెల్లగా లేపడం మొదలుపెట్టాడు. కత్తి కదిలింది.

మెల్లగా చేయాలంటే ఊపిరి మెల్లగా తీసుకోవాలి. అతను రోజూ చెట్టు కొసన చేసే పని అదే, ఆ బొటనవేలికి అలవాటైంది అదే. ఇప్పుడూ ఊపిరి నెమ్మదించింది. కత్తి సగం దాకా వచ్చి ఆగింది. ఎంతసేపు ఆగిందో నేను చెప్పలేను. తర్వాత అరచేత్తో పిడి మీద ఒత్తి, దాన్ని తిరిగి నాలోకి దింపేశాడు. దింపి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ఇది చూసి నన్ను దయామయిని చేయకండి. నాకు మొగులయ్య మీద ప్రేమ లేదు, అంజాగౌడ్ మీద అంతకంటే లేదు. నేను మొండిదాన్ని, అంతే.

వచ్చే అంగడికి అతను నన్ను తీసుకుని సాయవ్వ గొడుగు ముందు నిలబడ్డాడు. ఆమె నా చిరిగిన మూతిని చూసింది.

"ఎవని మీద గుంజినవ్?"

"తమ్ముని మీద."

 కొత్త దారానికి మైనం పట్టించి తెగిన కుట్లు కుట్టింది. నన్ను నీళ్లలో ముంచింది. కత్తి పెట్టాల్సిన సమయం వచ్చింది. అప్పుడు అంజాగౌడ్, ఏ చేతికీ ఇవ్వని ఆ కత్తిని, పిడి ఆమె వైపు తిప్పి చాపాడు. చెయ్యి అలాగే చాపి ఉంచాడు.

సాయవ్వ ఆ చేతిని తీరిగ్గా చూసింది.

"కింద పెట్టు. నేను తీసుకుంట," అంది.

అతను వంగి కత్తిని రాయి మీద పెట్టాడు. ఆమె తీసుకుంది, నూనె రాసింది. గుడ్డ ఆమె ఒడిలోనే ఉంది. అది ఎందుకుంటుందో ఈసారి అతనికీ తెలిసినట్టే ఉంది, దాని వంకే చూస్తున్నాడు. ఆమె గుడ్డ జోలికి పోలేదు. అతను చుట్టమని అడగలేదు. వట్టి కత్తిని నాలోకి తోసి, ఆమె చింత కర్ర అందుకుంది.