నీళ్ల ట్యాంకు దగ్గర ఒక్క గీత

ఆమె ఉద్యోగం ప్రశ్నలు అడగడం. ఇంట్లో కంప్యూటర్ ఉందా, ఇంటర్నెట్ ఉందా, ఉంటే ఎవరు వాడతారు? ఇంటింటికీ తిరిగి ట్యాబ్‌లో టిక్కులు పెట్టాలి. అందుకే అందరూ ఆమెను టిక్కులమ్మాయి అనేవారు.

దిగువ ఊళ్లో పని నల్లేరు మీద బండిలా సాగింది. ప్రతి గుమ్మంలోనూ ఉంది, ఉంది అనే జవాబే. ఒకాయనైతే "స్నానాల గదిలో కూడా వస్తుందమ్మా, అదీ రాసుకో" అన్నాడు. కొండ మీది పేటకు ఎక్కేసరికి కథ అడ్డం తిరిగింది. ఆమె నోరు తెరవకముందే తలలు అడ్డంగా ఊగేవి.

మూడో రోజు మధ్యాహ్నం పొగమంచు దిగింది. దగ్గరికి వెళ్తే తప్ప ఇల్లు ఇల్లులా కనబడటం లేదు. ఆ తెల్లదనంలోంచి కుట్టుమిషను చప్పుడు వినిపించింది. దాన్నే దారిగా చేసుకుని నడిస్తే చివరి ఇల్లు వచ్చింది. యాభై దాటిన దర్జీ ఒకావిడ కిటికీ పక్కన కూర్చుని చొక్కా కాలరు కుడుతోంది. ఎదురుగా బల్ల మీద కంప్యూటర్. దుమ్ము పడకుండా కొలతలు తీసి మరీ కుట్టిన పువ్వుల తొడుగు దానికి.

"అమ్మయ్య, ఈ పేటలో ఒక్క ఇంట్లోనైనా ఉంది!" అంది టిక్కులమ్మాయి.

"కంప్యూటర్ ఉంది, నెట్టు లేదు. అర టిక్కు పెడతావా?"

"నెట్టు లేకుండా ఎందుకు కొన్నారక్కా? ఏనుగును కొని అంకుశం మరిచినట్టు!"

దర్జీ మిషను ఆపింది. "నేను కొనలేదు తల్లీ, మా తమ్ముడు పంపాడు. వాడికి పుట్టుకతో చెవులు వినపడవు, మాట రాదు. చిన్నప్పుడు అమ్మా, నేనూ, వాడూ కలిసి చేతులతో ఒక భాష చేసుకున్నాం. అమ్మ పోయింది. ఇప్పుడా భాష తెలిసినవాళ్లం లోకంలో ఇద్దరమే. వాడేమో రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ దూరంలో పుస్తకాలు బైండింగు చేస్తాడు. ఫోను మాకెందుకు పనికొస్తుంది? ఎదురెదురుగా చూసుకుంటూ మాట్లాడుకుందామని ఇది పంపాడు. వాడి ఊళ్లో గోడ గోడకీ నెట్టేనట. ఇక్కడ నెట్టు తీగ కొండ కిందే ఆగిపోయింది. నా మిషను చక్రం తిరిగితే చొక్కా అవుతుంది. ఎవరిదో ఫోను నెట్టు దీనికి కలిపి చూస్తే, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, ఏమీ కాలేదు."

టిక్కులమ్మాయి లేచి నిలబడింది. రోజూ సాయంత్రం టిక్కులన్నీ ఆఫీసుకు పంపడానికి ఆమె నీళ్ల ట్యాంకు దాకా ఎక్కేది. అక్కడ ఒక్క గీత సిగ్నల్ దొరికేది.

"చెప్పులేసుకోండక్కా."

మంచులో ఇద్దరూ చేతులు పట్టుకుని ఎక్కారు. ట్యాంకు పక్కన టిక్కులమ్మాయి ట్యాబ్ ఎత్తి పట్టుకుని, దర్జీ చెప్పిన తమ్ముడి నంబరుకు వీడియో కాల్ కలిపింది. చాలాసేపటికి తెర మీద ఒక ముఖం తేలింది. వేళ్ల నిండా జిగురు. అక్కను చూడగానే అతను చేతులు గబగబా ఒళ్లో తుడుచుకుని మాటలు మొదలుపెట్టాడు. ఆ వేగానికి బొమ్మ ఆగిపోయింది, చేతులు గాల్లోనే నిలిచిపోయాయి.

"వాడికి మొదట్నుంచీ తొందరే," అంటూ దర్జీ తన చేతులు మెల్లగా, చాలా మెల్లగా కదిపింది. అతనికి అర్థమైంది. ఇక ఇద్దరి చేతులూ నీళ్ల అడుగున కదులుతున్నట్టు కదిలాయి. మంచు వాళ్ల చుట్టూ ఆగింది. పట్టుకున్న చేతులు లాగేస్తున్నా టిక్కులమ్మాయి ట్యాబ్ దించలేదు. ఒకసారి దర్జీ చెవి పక్కన వేలితో గీసి చూపింది. అతను పగలబడి నవ్వి బల్ల మీద తల వాల్చేశాడు.

"ఏమన్నారక్కా?"

"నీకు చెవుల పక్క నెరిసిందిరా అన్నాను. నీకు తలంతా నెరిసింది, ముందు అద్దం కొనుక్కో అన్నాడు."

ఫారంలో ఈ ఇంటికి సరిపోయే గడి లేదు. అడుగున టిక్కులమ్మాయి ఇలా రాసింది: "కంప్యూటర్ ఉంది. మాట్లాడాల్సిన మనిషి ఉన్నాడు. తీగ లేదు." ఇలాంటివి లెక్కలోకి రావని పైఅధికారి అన్నాడు. ఆమె చెరపలేదు. పేట లెక్కనూ దిగువ ఊరి లెక్కనూ పక్కపక్కన ఒక కాగితం మీద వేసి దర్జీ చేతికిచ్చింది. దర్జీ ఆ కాగితాన్ని తీగ కావాలన్న అర్జీకి జతచేసి గడపగడపకూ తిరిగి సంతకాలు పెట్టించింది, సర్కారు ఆఫీసు మెట్లు అరిగేలా ఎక్కింది. రెండో ఏడు వానలు వెనకబట్టాక తీగ కొండెక్కింది.

కబురు తెలిసి టిక్కులమ్మాయి చూడటానికి వచ్చింది. పువ్వుల తొడుగు కొక్కేనికి వేలాడుతోంది. తెర మీద తమ్ముడు తల వంచుకుని కాగితాల కట్టను దారంతో కుడుతున్నాడు. ఇవతల అక్క బొత్తాలు కుడుతోంది. ఒకరినొకరు చూసుకోవడం కూడా లేదు.

"అదేంటక్కా, ఏమీ మాట్లాడుకోవట్లేదు?"

"ఊరికే ఉన్నాం తల్లీ," అంది దర్జీ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఇలా ఒకచోట ఊరికే ఉండి ఎన్నాళ్లయిందో!"